మామిడితోటలో కాపురం ఉండేవాళ్లు ముందు కొనాల్సింది గమ్‌బూట్లు

ఈమధ్య బెంగళూరు నుంచి, చెన్నై నుంచి వచ్చి మా చిత్తూరు జిల్లా బంగారుపాళెం, పలమనేరు వైపు తోటలు కొంటున్నవాళ్లు ఎక్కువయ్యారు. కొందరు శని, ఆదివారాలు గడిపి పోతారు, కొందరు రిటైరయ్యాక ఇక్కడే ఉండిపోతారు. ఇల్లు కడతారు, సోలార్ ప్యానెళ్లు పెడతారు, సీసీ కెమెరాలు బిగిస్తారు, ఎండకు నల్ల కళ్లద్దాలు, టోపీలు కొంటారు. కాళ్లకు మాత్రం హవాయి చెప్పులే. ఆ చెప్పులతోనే చీకటి పడ్డాక బోరు దగ్గరికి పోయి మోటరు వేసి వస్తారు. చూస్తే నాకు టెన్షన్. నేను ప్రభుత్వాసుపత్రిలో స్టాఫ్ నర్సుగా పనిచేసి రిటైరయ్యాను. పాముకాటుతో వచ్చినవాళ్ల కాళ్లే ఎక్కువ చూశాను, చేతులు తక్కువ. అందుకే ఈ రివ్యూ గమ్‌బూట్ల గురించి రాస్తున్నా.

నా దగ్గరున్నది నల్లటి పీవీసీ బూటు. మోకాలికి నాలుగు వేళ్ల కింద దాకా వస్తుంది. చిత్తూరు టౌన్‌లో డ్రిప్ పైపులు, స్ప్రేయర్లు, టార్పాలిన్ పట్టలు అమ్మే షాపులో తీసుకున్నాను, 550 రూపాయలు. చెప్పుల షాపుల్లో అడిగితే లేవంటారు, వ్యవసాయ సామాన్లు అమ్మేచోట, సిమెంటు, హార్డ్‌వేర్ షాపుల్లో అడగాలి. ఏ కంపెనీ అని మీరు అడుగుతారు. షాపులకు ఏ లోడు వస్తే అది అమ్ముతారు, ఈసారి ఉన్నది వచ్చేసారి ఉండదు. కాబట్టి కంపెనీ పేరు కంటే బూటుని చూసుకోవడం నేర్చుకోవాలి.

నేను చూసేవి చెబుతా. ఐఎస్ఐ గుర్తు ఉందా లేదా. పీవీసీ బూట్లయితే ఆ గుర్తుతో పాటు ఐఎస్ 12254 అని, రబ్బరు బూట్లయితే ఐఎస్ 5557 అని ఉంటుంది. తర్వాత మడమ పైన, చీలమండ దగ్గర బూటుని గట్టిగా వంచి చూస్తాను. వంచినచోట తెల్లటి గీత పడితే ఆ జత వద్దని పక్కన పెట్టేస్తాను, అది కొన్నాళ్లకు అక్కడే చీలుతుంది. లోపల గుడ్డ లైనింగ్ ఉండాలి, లేకపోతే చెమటకు కాలు ప్లాస్టిక్‌కి అతుక్కుపోయి బూటు ఊడి రాదు. ఎత్తు పన్నెండు అంగుళాలకు తగ్గకూడదు. చీలమండ దాకా మాత్రమే వచ్చే పొట్టి బూట్లు కూడా అమ్ముతారు, వంద రూపాయలు తక్కువ. అవి బురదకు పనికొస్తాయేమో గానీ మన పనికి పనికిరావు.

ఎందుకు ఇంత పట్టింపు అంటే, మన జిల్లాలో ఉన్న పాములు, మన తోటల తీరు అలాంటివి. ప్రాణం తీసే పాముల్లో ముఖ్యమైనవి నాలుగు: నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర. మన దేశంలో ఇచ్చే విరుగుడు మందు ఈ నాలుగింటి విషానికీ కలిపి తయారు చేసిందే. చెన్నై దగ్గర వడనెమ్మేలిలో ఇరుళులు అనే, పాములు పట్టడంలో ఆరితేరిన గిరిజనుల సహకార సంఘం ఉంది, 1978లో పెట్టుకున్నారు. వాళ్లు పాముల్ని పట్టి, విషం తీసి, మళ్లీ అడవిలో వదిలేస్తారు. మందు తయారీకి విషం అలా వస్తుంది. ఆస్పత్రిలో ఆ సీసాలు విప్పి సెలైన్‌లో కలిపేటప్పుడు నాకు ఆ ఇరుళులే గుర్తొచ్చేవాళ్లు. వాళ్ల చేతుల మీద మనవాళ్ల ప్రాణాలు నిలబడుతున్నాయి.

ఈ నాలుగింట్లో మామిడితోటకు రక్తపింజరే పెద్ద ప్రమాదం. గోధుమ రంగు ఒళ్లు, దాని మీద గొలుసులా ముదురు మచ్చలు. ఎండిన మామిడాకుల మీద చుట్టుకుని పడుకుంటే పట్టపగలు కూడా కంటికి ఆనదు. మనిషి అలికిడికి చాలా పాములు తప్పుకుంటాయి, ఇది తప్పుకోదు. ఉన్నచోటే ఉండి బుస కొడుతుంది. ఆ బుస ఒకసారి విన్నవాళ్లు మర్చిపోరు, కుక్కర్ విజిల్ వేసే ముందు ఆవిరి ఎగదన్నినట్టు ఉంటుంది, ఆగకుండా వస్తుంది. అది వినిపించిందంటే ఉన్నచోటే ఆగి, లైటు వేసి, అది ఎక్కడుందో చూసి, వచ్చినదారినే వెనక్కి పోవాలి. బోరు మోటరు శబ్దంలోనో, ఫోన్‌లో మాట్లాడుతూనో పోయేవాళ్లకు ఆ బుస వినిపించదు. అప్పుడు కాలు దాని మీద పడుతుంది.

కాలం కూడా మనకు కలిసిరాదు. తోతాపురి మామిడి కోత జూన్, జూలైలలో. వానలు పడటం, కసువు పెరగటం, ఎలుకలు, కప్పలు తిరగటం, పాములు బయటికి రావటం కూడా అప్పుడే. 2000 నుంచి 2019 దాకా మన దేశంలో పాముకాటుతో ఏడాదికి సగటున 58,000 మంది చనిపోయారని పరిశోధకులు 2020లో లెక్క తేల్చారు. అందులో సగం చావులు జూన్ నుంచి సెప్టెంబరు లోపలే. ఎక్కువ మంది పోయిన ఎనిమిది రాష్ట్రాల్లో మన ఆంధ్రప్రదేశ్ ఒకటి. తెలంగాణతో కలిపి వేసిన లెక్క అది. వాళ్లలో ఎక్కువమంది పల్లెలవాళ్లే.

బూట్లు ఎంతవరకు కాపాడతాయి? ఇది నిజాయితీగా చెప్పాలి. నా బూటు మీద ఇంతవరకు ఏ పామూ కాటు వేయలేదు, కాబట్టి అది ఆపిందని సాక్ష్యం చెప్పలేను. బాగా ఎదిగిన రక్తపింజర కోర ఒకటిన్నర సెంటీమీటరు దాకా ఉంటుంది. ఈ బూటు మందం కొన్ని మిల్లీమీటర్లే. పాము కాటుకు తట్టుకునేలా ప్రత్యేకంగా తయారు చేసిన బూట్లు కావు ఇవి. కానీ బూటుకీ కాలికీ మధ్య ఖాళీ ఉంటుంది. ప్యాంటు లోపలికి దోపితే ఆ ఖాళీలో గుడ్డ కూడా ఉంటుంది. కోర ముందు ప్లాస్టిక్‌ని, తర్వాత ఖాళీని, తర్వాత గుడ్డని దాటి రావాలి. అందుకే కాలికి బిగుతుగా పట్టేసే బూటు కంటే పిక్క దగ్గర వదులుగా ఉండే బూటే మేలు. షాపులో వేసుకుని చూసినప్పుడు పిక్కకీ బూటుకీ మధ్య రెండు వేళ్లు దూరాలి. ఫ్యాషన్ కోసం సన్నగా కుట్టిన రెయిన్ బూట్లు ఆన్‌లైన్‌లో కనిపిస్తాయి, వాటి జోలికి పోవద్దు. చిన్నపింజర విషయంలో నాకు ఇంకా నమ్మకం ఎక్కువ, దాని కోరలు పొట్టివి, అది కాటు వేసేది కూడా చాలావరకు పాదం, చీలమండ దగ్గరే.

ఇక లోపాలు. మొదటిది వేడి. మన ఎండలో మధ్యాహ్నం ఈ నల్ల బూటు వేసుకుని అరగంట తిరిగితే సాక్స్ పిండితే నీళ్లొస్తాయి. ఏప్రిల్, మే నెలల్లో పదకొండు నుంచి నాలుగు దాకా వీటిని వేసుకోమని నేను ఎవరికీ చెప్పను. ఆ వేళ అసలు తోటలో పనే పెట్టుకోకూడదు. మా ఇంట్లో పొద్దున ఐదున్నరకు పని మొదలవుతుంది, ఎండెక్కేలోపు అయిపోతుంది. ఎండలో ఉన్న మనిషి ఒళ్లు కాలిపోతూ, మాట తడబడుతూ, ఎక్కడున్నాడో తెలియనట్టు మాట్లాడితే అది వడదెబ్బ. నీడకు తెచ్చి, బట్టలు వదులు చేసి, ఒంటి నిండా నీళ్లు పోసి విసురుతూ 108కి ఫోన్ చేయాలి. తెలివి సరిగా లేని మనిషి నోట్లో నీళ్లు పోయకూడదు. నీరసం, తల తిప్పు మాత్రమే అయితే ఓఆర్ఎస్ ప్యాకెట్ లీటరు నీళ్లలో కలిపి కొంచెం కొంచెంగా తాగించొచ్చు. ప్యాకెట్ లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లకు ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూన్ ఉప్పు, స్పూన్ కుప్పగా కాకుండా సమంగా ఉండాలి. పొద్దున ఉప్పు, మజ్జిగ వేసిన రాగి అంబలి తాగి పనిలోకి దిగినవాళ్లు ఎండకు బాగా తట్టుకుంటారు. ఇది మా తోటలో చూసి చెబుతున్నా.

రెండోది బరువు. జత రెండు కిలోలకు దగ్గరగా ఉంటుంది. మొదట్లో పిక్కలు లాగుతాయి, తర్వాత అలవాటవుతుంది. మూడోది అడుగు. కొత్తలో గాట్లు బాగా ఉంటాయి, గులకరాళ్ల నేల మీద తిరిగి తిరిగి అరిగిపోతాయి. ఆ తర్వాత తడిసిన బండ మీద జారుతుంది. మా వైపు నేల సగం బండలే కాబట్టి ఇది చిన్న విషయం కాదు. సర్కారు తుమ్మ ముల్లు కూడా అడుగులోంచి దూరిపోతుంది. నేను లోపల మందపాటి ఇన్‌సోల్ వేసుకున్నాను, ఎనభై రూపాయలు, దానితో ముల్లు బాధ చాలావరకు తగ్గింది.

ఎండలో ఆరబెట్టకూడదు. కడిగి గోడ మీద పెడితే పీవీసీ గట్టిపడి వంకర దగ్గర పగులుతుంది, మా పక్క తోటవాళ్ల జత అలాగే పోయింది. నీడలో, తలకిందులుగా ఆరాలి. మా వరండాలో రెండు కానుగ కర్రలు నేలలో పాతి వాటి మీద బూట్లు బోర్లిస్తాం. ఆరటం ఒకటే కాదు, లోపలికి తేలు దూరకుండా కూడా. అలా బోర్లించినా సరే, వేసుకునే ముందు రెండు బూట్లూ నేలకేసి గట్టిగా కొట్టి, దులిపి, లోపల టార్చి వేసి చూసి వేసుకోవాలి. ఎర్రతేలు చిన్నదే గానీ దాని విషం గుండె మీద పని చేస్తుంది, పిల్లలకు చాలా ప్రమాదం. ఒకప్పుడు తేలు కుట్టి పిల్లలు చనిపోయేవాళ్లు. మహారాష్ట్రలో మహాడ్ అనే చిన్న ఊళ్లో పనిచేసిన డాక్టర్ హిమ్మత్‌రావు బావస్కర్ గారు బీపీకి వాడే ప్రాజోసిన్ అనే మాత్రతో ఆ పిల్లల్ని బతికించవచ్చని 1980లలో నిరూపించారు. ప్రభుత్వం ఆయనకు 2022లో పద్మశ్రీ ఇచ్చింది. కుట్టినచోట నొప్పితో పాటు చెమటలు, వాంతులు, చేతులు కాళ్లు చల్లబడటం కనిపిస్తే ఇంట్లో ఉండొద్దు, ఆస్పత్రికి పోవాలి.

బూటు ఏమీ చేయలేనిది కట్లపాము. అది రాత్రి ఇంట్లోకి వస్తుంది, నేల మీద పడుకున్నవాళ్లను నిద్రలో కాటేస్తుంది. నొప్పి ఉండదు, వాపు ఉండదు, చాలాసార్లు గాటు కూడా కనపడదు. తెల్లవారుజామున కడుపునొప్పి అంటారు, రెప్పలు వాలిపోతాయి, మాట ముద్దగా వస్తుంది. కడుపునొప్పి కదా అని సోడా తాగించి కూర్చుంటే ఊపిరి ఆగిపోతుంది. దాని కాటు తప్పించుకునే దారి మంచం, దోమతెర. తెర అంచులు పరుపు కిందికి దోపాలి, ఊరికే వేలాడదీస్తే లాభం లేదు. తోటలో ఇల్లున్నవాళ్లు మామిడి కోతల్లో చల్లగా ఉంటుందని వరండాలో చాపేసుకుని పడుకుంటారు. దయచేసి వద్దు. ఇంక ఏనుగులు. మా పక్కనున్న కౌండిన్య అడవి నుంచి గుంపు దిగినప్పుడు బూటు, టార్చి, కర్ర అన్నీ దండగే. ఇంట్లోకి పోయి తలుపు వేసుకుని ఫారెస్టువాళ్లకు ఫోన్ చేయడం ఒకటే పని. ఫోటోల కోసం ముందుకు పోయేవాళ్లను చూస్తే నాకు కోపం వస్తుంది.

బూటుతో పాటు టార్చి తప్పదు. ఫోన్ లైటు చాలదు, అది కాలి ముందు రెండు అడుగులే చూపిస్తుంది, పైగా ఫోన్ మోగితే చేయి చెవి దగ్గరికి పోతుంది. తలకు కట్టుకునే ఎల్ఈడీ లైటు అయితే రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. చేతిలో పొడుగాటి కర్ర, నడుస్తూ నేల మీద తట్టుకుంటూ పోవాలి. పాముకు గాలిలో శబ్దం కంటే నేల అదురే బాగా తెలుస్తుంది. వీలైనవాళ్లు మోటరుకు ఆటో స్టార్టర్ పెట్టించుకోండి, కరెంటు రాగానే అదే ఆన్ అవుతుంది, రాత్రి పోయే పని సగం తప్పుతుంది. ట్రిప్ అయినప్పుడు మాత్రం పోక తప్పదు, ఆ పోవడానికే బూట్లు.

ఇన్ని చేసినా కాటు పడితే? పరిగెత్తవద్దు, నడవవద్దు. కాలిని విరిగిన కాలిలా చూసుకోవాలి, కర్ర పెట్టి వదులుగా గుడ్డ చుట్టి కదలకుండా ఉంచాలి. తాడు బిగించి కట్టకూడదు, కోయకూడదు, నోటితో పీల్చకూడదు, పసరు పోయకూడదు. ఆడవాళ్లకైతే మెట్టెలు, పట్టీలు వెంటనే తీసేయండి. ఇది చాలామంది మర్చిపోతారు. రక్తపింజర కాటుకు కాలు గంటలో ఉబ్బుతుంది, అప్పుడు మెట్టె వేలిని కోసేస్తుంది, ఆస్పత్రిలో కట్టర్‌తో కత్తిరించాల్సి వస్తుంది. అలాంటివి నా చేతులతో నేనే కత్తిరించాను. పాముని చంపి తెచ్చే పని పెట్టుకోవద్దు. ఆ పాము ఏదో తెలియకపోయినా వైద్యం ఆగదు. శుభ్రమైన గాజు గొట్టంలో రెండు మిల్లీలీటర్ల రక్తం తీసి ఇరవై నిమిషాలు కదపకుండా నిలబెడతాం. తర్వాత వంచి చూస్తే గడ్డకట్టి ఉండాలి. నీళ్లలా జారిందంటే పింజర విషం ఒంట్లో ఉన్నట్టే, వెంటనే విరుగుడు మందు పది వయల్స్‌తో (చిన్న సీసాలతో) మొదలవుతుంది. ఆ ఇరవై నిమిషాలు బయట బెంచీ మీద కూర్చున్న ఇంటివాళ్లు ‘ఇంకా మందు వేయలేదేంటమ్మా’ అని నిలదీసేవాళ్లు. ఆ గొట్టం చూపించి, ఎందుకు ఆగామో చెబితే అర్థం చేసుకునేవాళ్లు. ఆలస్యమైతే కిడ్నీలు దెబ్బతిని డయాలసిస్ దాకా పోతుంది. పసరు వైద్యం దగ్గర రెండు గంటలు పోగొట్టుకుని వచ్చినవాళ్ల విషయంలోనే నాకు ఎక్కువ బాధ.

ప్రభుత్వాసుపత్రుల్లో ఈ మందు ఉచితం. తోట కొన్నరోజే దగ్గర్లోని పీహెచ్‌సీకి (ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి) పోయి మందు ఉందా, రాత్రి డాక్టరు ఉంటారా అని అడిగి రాసి పెట్టుకోండి. మాకు ఇటు చిత్తూరు, అటు పలమనేరు, అవసరమైతే తిరుపతి రుయా ఆస్పత్రి. తోటకు గూగుల్ మ్యాప్‌లో లొకేషన్ పెట్టుకుని, 108 డ్రైవరుకు చెప్పడానికి గుర్తులు, రోడ్డు మీద నుంచి ఎన్నో మలుపు అన్నది గోడ మీద రాసిపెట్టుకోవాలి. మా వంటింటి తలుపు వెనక అది పెయింటుతో రాసి ఉంది.

ఇంత చెప్పాక రేటింగ్ అడుగుతారు. ఐదుకి నాలుగు ఇస్తాను. తగ్గిన ఒక్కటీ వేడికో, బరువుకో కాదు, సైజులకు. నా కాలు ఐదో నంబరు. షాపులో ఆరు నుంచి పది దాకానే ఉన్నాయి. "అక్కా, ఆడోళ్లు అడగరు, అందుకే తెప్పించం" అన్నాడు షాపాయన. నేను ఆరో నంబరు తీసుకుని రెండు జతల సాక్స్‌తో వేసుకుంటున్నాను, మడమ కొంచెం ఎగురుతుంది. మా తోటలో కోతలప్పుడు చెట్టెక్కేది మగవాళ్లు, కింద ఆకుల్లో చేతులు పెట్టి కాయలు ఏరేది, కసువు తీసేది, కాళ్లు పాదుల్లో పెట్టి నిలబడేది అంతా ఆడవాళ్లే. వాళ్లలో నాలుగో నంబరు కాళ్లవాళ్లు కూడా ఉన్నారు. మగవాళ్లకు కొనిస్తే మొదట సిగ్గుపడ్డారు, ‘ఏంది వదినా, పోలీసోళ్ల మాదిరి’ అన్నారు, ఇప్పుడు వేసుకుంటున్నారు. ఆడవాళ్లు మొదటిరోజే అడిగారు, వాళ్లకు సరిపోయేవి దొరకలేదు. ఈసారి కోతలకు ముందే నాలుగు, ఐదు నంబర్లు తెప్పించమని ఆ షాపులో అడ్వాన్సు కట్టి వచ్చాను. మీరూ మీ ఊరి షాపులో అడగండి. నలుగురు అడిగితే వాళ్లు తెప్పిస్తారు.